పాత బండి కాగుతుంటే హెడ్డు దించకముందు చూడాల్సినవి

ఏప్రిల్ వచ్చిందంటే కర్నూలు, నంద్యాల, అనంతపురం మెకానిక్ షాపుల ముందు బానెట్ ఎత్తి నిలబెట్టిన సుమోలు, క్వాలిస్‌లు, పాత బొలెరోలు, మారుతి వ్యాన్లు కనిపిస్తాయి. యజమాని చెప్పేది ఒకటే మాట: ‘అన్నా, బండి నీళ్ళు తాగుతాంది, కాగుతాంది.’ మెకానిక్ నోట మొదట వచ్చేదీ ఒకటే: ‘హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది, హెడ్డు దించాల.’ హెడ్డు అంటే ఇంజిన్ పైభాగం, గ్యాస్కెట్ అంటే దానికీ కింది బ్లాక్‌కూ మధ్య నీళ్ళు, గాలి కారకుండా పెట్టే పలచటి పలక. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు గ్యాస్కెట్ పోవడం కారణం కాదు, ఫలితం. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయో, ఫ్యాను సరిగా తిరగకో, రేడియేటర్ గొట్టాలకు సున్నం పట్టో బండి నెలల తరబడి కాగి కాగి చివరికి గ్యాస్కెట్ దాకా వస్తుంది. అసలు కారణం వదిలేసి గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే వచ్చే ఎండాకాలానికి మళ్ళీ అదే ఖర్చు. అందుకే ఇక్కడ చెప్పే వరస చవక పరీక్షలతో మొదలై ఖరీదైన పని దగ్గర ఆగుతుంది. చాలావాటికి చేతులు, కళ్ళు, ఒక టార్చి లైటు చాలు.

ఏం చేసినా ముందు ఇది గుర్తుంచుకోండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటి ఉన్నా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలోనే ఆవిరై మొహం మీదికి లేస్తాయి. గుడ్డ చుట్టుకున్నా అంతే. రేడియేటర్ పై పైపును నొక్కితే మెత్తగా ఉండాలి, దానిమీద చేయి ఉంచగలిగేంత చల్లారి ఉండాలి. మూత జోలికి అప్పుడే పోవాలి.

ఎండ లెక్క

రేడియేటర్ ఎంత వేడిని బయటికి వదలగలదనేది లోపలి నీళ్ళకూ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడి ఉంటుంది. నీళ్ళు 95 డిగ్రీలు, డిసెంబర్ పొద్దుటి గాలి 20 డిగ్రీలు అనుకుంటే తేడా 75. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో అదే తేడా 52. రేడియేటర్ అదే, ఫ్యాను అదే, కానీ శక్తి దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) ఉంటే రేడియేటర్‌కు చేరే గాలి ఇంకా వేడెక్కి వస్తుంది.

కొత్త బండిలో దీన్ని తట్టుకునే మిగులు ఉంటుంది. పాత బండిలో పావు వంతు గొట్టాలు మూసుకుపోయినా చలికాలమంతా డ్యాష్‌బోర్డు మీది వేడి సూది కదలకపోవచ్చు. ‘మొన్నటిదాకా బాగానే ఉండె’ అని యజమాని అనేది అబద్ధం కాదు, కాకపోతే జబ్బు మొన్న పుట్టింది కాదు.

ఎప్పుడు కాగుతోందో చూడండి

స్పానర్ పట్టకముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. సగం రోగ నిర్ధారణ ఇక్కడే అయిపోతుంది.

ఊళ్ళో ట్రాఫిక్‌లో, గేటు దగ్గర ఆగినప్పుడు కాగి, హైవే ఎక్కగానే సూది దిగిపోతే లోపం గాలి వైపు ఉంది. పరుగులో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నిలబడ్డప్పుడు ఆ పని ఫ్యానుది. కాబట్టి ఫ్యాను, దాని మోటారు, మోటారుకు కరెంటు కలిపే రిలే, స్విచ్చి, ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం చూడాలి. ఆ చట్రం విరిగిందనో అడ్డమనో తీసి పారేసిన బండ్లు చాలా ఉన్నాయి. అది లేకపోతే ఫ్యాను రేడియేటర్ అంతటి నుంచీ గాలి లాగదు, తన ఎదురుగా ఉన్న గుండ్రటి చోటు నుంచే లాగుతుంది.

ఊళ్ళో బాగానే ఉండి, 80 వేగం దాటినప్పుడో, కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నప్పుడో కాగితే లోపం నీటి ప్రవాహంలో ఉంది. రేడియేటర్ లోపల పూడిక, అరిగిన పంపు, కింది పైపు ముడుచుకుపోవడం, పూర్తిగా తెరుచుకోని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) వంటివి అనుమానించాలి. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము నిండినా ఇలాగే ఉంటుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, బేతంచెర్ల, తాడిపత్రిలో బండల పొడి, ఆదోని చుట్టుపక్కల పత్తి నూగు, అనంతపురం పల్లెల్లో వేరుశనగ పొట్టు, ఇవన్నీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న సందులో చేరతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, వెనక దుప్పటి పరిచినట్టు పొర ఉంటుంది. పై బోల్టులు వదులు చేసి రేడియేటర్‌ను కాస్త వెనక్కి వంచి టార్చి వేసి చూడాలి. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెడితే రెక్కలు పడుకుంటాయి, ఇక వాటిని లేపడం ఎవరివల్లా కాదు.

స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే సూది ఎర్రగీతకు పరుగెడితే నీళ్ళు లేవు, లేదా లోపల గాలి చిక్కుకుంది, లేదా థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోయింది, లేదా గ్యాస్కెట్ పోయింది.

సూదిని గుడ్డిగా నమ్మొద్దు కూడా. సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. నీళ్ళన్నీ పోయి సెన్సర్ చుట్టూ గాలే మిగిలితే ఇంజిన్ కాలిపోతున్నా సూది కిందికి పడొచ్చు. కాగుతున్న బండి సూది ఉన్నట్టుండి చల్లబడితే సంతోషించకుండా బండి పక్కకు తీసి ఆపండి.

ఇంకో సంగతి. జూన్, జులైల్లో నైరుతి గాలి బలంగా వీచే రోజుల్లో అనంతపురం నుంచి గుత్తి మీదుగా కర్నూలు పోయే లోడు బండికి గాలి వెనక నుంచి తోస్తుంది. రేడియేటర్‌కు తగిలే గాలి ఆ మేరకు తగ్గుతుంది. వచ్చేటప్పుడు చల్లగా, పోయేటప్పుడు వేడిగా ఉండే బండికి గ్యాస్కెట్ మార్చేముందు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

రెండు పైపులు చెప్పే సంగతి

ఇంజిన్ నుంచి వేడి నీళ్ళు పై పైపులో రేడియేటర్‌కు వస్తాయి, చల్లబడి కింది పైపులో వెనక్కి పోతాయి. ఈ రెండింటి వేడి కొలిస్తే సిస్టమ్ లోపల ఏం జరుగుతోందో దాదాపు తెలిసిపోతుంది. తుపాకీలా గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి ఉంటే మంచిది. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, కాబట్టి కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దానిమీదే కొలవాలి. పైపు రబ్బరు మీద ఆ ఇబ్బంది లేదు.

బండి పూర్తిగా వేడెక్కాక పై పైపు 90 దగ్గర, కింది పైపు దానికంటే ఓ పది డిగ్రీలు తక్కువ ఉంటే రేడియేటర్ తన పని తాను చేస్తోంది. పైది 105, కిందిది కూడా 100 ఉంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయి కానీ వేడి బయటికి పోవడం లేదు. ఫ్యాను, రెక్కలు చూడండి. పైది 105 ఉండి కిందిది గోరువెచ్చగా ఉంటే నీళ్ళు తిరగడమే లేదు. పూడిక, పంపు, థర్మోస్టాట్ వీటిలో ఒకటి. సూది ఎర్రగీత మీదున్నా పై పైపు కూడా చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుంది, లేదా పై భాగంలో నీళ్ళే లేవు.

రేడియేటర్ మీద కూడా అడ్డంగా, నిలువుగా కొలుస్తూ పోండి. వేడి మెల్లగా తగ్గుతూ పోవాలి. మధ్యలో హఠాత్తుగా చల్లటి పట్టీ తగిలిందంటే అక్కడి గొట్టాలు మూసుకున్నాయి. థర్మామీటర్ లేకపోతే ఇంజిన్ ఆపి, ఎలక్ట్రిక్ ఫ్యాను ఉంటే దాని ప్లగ్గు పీకి, అరచేత్తో తడమొచ్చు. ఇంజిన్ ఆపాక కూడా ఆ ఫ్యాను తిరగడం మొదలుపెట్టగలదు, వేళ్ళు జాగ్రత్త.

ఫ్యాను పరీక్ష తేలికే. ఏసీ వేయగానే తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే రేడియేటర్‌కో థర్మోస్టాట్ గూటికో ఉండే థర్మో స్విచ్చి పోయింది. రెండు తీగలున్న మామూలు స్విచ్చి అయితే ఆ తీగలు కలిపి చూడండి, ఫ్యాను తిరిగితే అనుమానం తీరింది. ఎలా చేసినా తిరగకపోతే ఫ్యూజు, రిలే చూసి, మోటారుకు నేరుగా బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇవ్వండి. తట్టితే తిరిగే మోటారు లోపల బ్రష్‌లు అయిపోయాయి. తిరుగుతున్నా సరిపోదు, గాలి లాగాలి. రేడియేటర్ ముందు ఒక పేపరు షీటు పెడితే అది అతుక్కుపోవాలి. తీగలు తిరగేసి కలిపితే ఫ్యాను ఉల్టా తిరిగి వేడిగాలిని ముందుకు తోస్తుంది. మోటారు మార్చిన బండ్లలో ఇది మామూలుగా దొరికే తప్పే.

ఇంజిన్‌తో తిరిగే ఫ్యానుకు మధ్యలో గుండ్రటి డబ్బా ఉంటే అది విస్కస్ కప్లింగ్. లోపలి సిలికాన్ నూనె కారిపోతే ఫ్యాను జారుతుంది. వేడి ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి చేత్తో తిప్పండి. గట్టిగా, బరువుగా తిరిగి ఆగాలి. ఒక్క తోపుకు రెండు మూడు చుట్లు తిరిగిందంటే, అంచున జిడ్డు ధూళి కూడా కనిపించిందంటే దాని పని అయిపోయింది.

నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి

సరైన సిస్టమ్‌లో నీళ్ళు తగ్గవు. ‘వారానికి అర లీటరు మామూలేలే’ అనే మాట తప్పు. తగ్గుతున్నాయంటే ఎక్కడో కారుతున్నాయి, లేదా సిలిండర్‌లో కాలి పొగతో పోతున్నాయి.

రాత్రి బండి కింద అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున తడి ముందు వరసలో ఉంటే రేడియేటర్ లేదా కింది పైపు, ఇంజిన్ ముందు మధ్యలో ఉంటే వాటర్ పంపు, వెనక వైపు ఉంటే హీటర్ పైపులో, బ్లాక్‌కు కొట్టి ఉండే గుండ్రటి రేకు బిళ్ళలో. ఏసీ నీళ్ళను చూసి కంగారు పడకండి. వాటికి రంగు, వాసన, జిడ్డు ఏవీ ఉండవు.

ఎక్కువ లీకులు నీళ్ళుగా కనబడవు. వేడి ఇంజిన్ మీద చుక్క పడగానే ఆవిరై తెల్లటి, పచ్చటి ఉప్పు చార మిగులుతుంది. టార్చి వేసి ఆ చారను కిందినుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి. వాటర్ పంపును మన దగ్గర లారీ మెకానిక్‌లు వాటర్ బాడీ అంటారు. దాని కింది వైపు చిన్న బెజ్జం ఉంటుంది. లోపలి సీలు పోతే నీళ్ళు బేరింగులోకి చేరకుండా ఆ బెజ్జం నుంచి బయటికి రావడానికే దాన్ని పెట్టారు. అక్కడ చార కనిపించిందంటే పంపు మార్చాలి. ఆ బెజ్జాన్ని ఎంసీల్‌తో మూసిన బండ్లు కూడా ఉన్నాయి. అప్పుడు నీళ్ళు బేరింగులోకి పోయి, ఒకరోజు పుల్లీ ఫ్యానుతో సహా ఊగి రేడియేటర్‌ను కోసేస్తుంది. బెల్టు వదులు చేసి పుల్లీని పైకీ కిందికీ ఆడించి చూడండి, ఏమాత్రం ఊగినా బేరింగు పోయినట్టే. బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగితే చాలు.

కొన్ని పైపులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి. వేడికి రబ్బరు, లోహం వ్యాకోచించి బిగుసుకుంటాయి, చల్లారాక సందు ఇస్తాయి. క్లిప్పు దగ్గర పొద్దున తడి, మధ్యాహ్నం పొడి అయితే ఇదే సంగతి. పైపును వేళ్ళతో నలిపి చూడండి. మెత్తని స్పాంజిలా నలిగినా, లోపల పెంకులు నలిగిన చప్పుడు వచ్చినా మార్చేయాలి. ఆ పెంకులు సున్నం పొరలు. కింది పైపులో కొన్ని బండ్లకు లోపల స్ప్రింగు ఉంటుంది. పంపు లాగే ఊపుకు పైపు ముడుచుకోకుండా ఆపేది అదే. కొత్త పైపు వేసేటప్పుడు పాత స్ప్రింగును చెత్తలో పడేస్తే హైవే మీద పైపు నోరు మూసుకుంటుంది. ఇంజిన్‌ను 3000 ఆర్పీఎం దాకా రేజ్ చేసి పక్కనున్నవారిని కింది పైపు చూడమంటే తెలిసిపోతుంది.

లోపలి సీట్ల ముందు మ్యాటు తడిగా, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర, తియ్యటి వాసన ఉంటే హీటర్ కోర్ కారుతోంది. మన ప్రాంతంలో హీటర్ ఎవరూ వాడరు కాబట్టి చాలామంది దాని రెండు పైపులను ఒకదానికొకటి కలిపి తప్పించేస్తారు. దాని గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు, మూతలు కొట్టి ఆపడం కంటే కలపడమే మేలు.

కంటికి ఏదీ దొరక్కపోతే ప్రెషర్ టెస్టర్ తెచ్చుకోవాలి. గేజీ ఉన్న చేతి పంపును మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా మాత్రమే కొట్టి 15 నిమిషాలు వదిలేయాలి. ముల్లు దిగుతూ బయట తడి కనిపిస్తే చోటు దొరికింది. ముల్లు దిగుతున్నా బయట అంతా పొడిగా ఉంటే నీళ్ళు లోపలికి పోతున్నాయి.

అదే టెస్టర్‌తో మూతను కూడా పరీక్షించొచ్చు. మూత మీద 0.9 అనో 13 అనో ఉంటుంది, మొదటిది బార్‌లో, రెండోది పీఎస్ఐలో, రెండూ దాదాపు ఒకటే. 0.9 బార్ ఒత్తిడి నిలిస్తే మామూలు నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు చీలితే అదే నీళ్ళు 100 దగ్గరే ఉడికి రేడియేటర్ పక్కనుండే నీళ్ళ డబ్బాలోకి తన్నుకొస్తాయి. మూత మధ్యలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు పక్క డబ్బాలోని నీళ్ళను తిరిగి లోపలికి తీసుకునేది అదే. అది ఇరుక్కుంటే పొద్దున పై పైపు పీల్చేసినట్టు నొక్కుకుపోయి ఉంటుంది, డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటాయి. మెడకు పట్టిందని ఏదో ఒక మూత బిగించడం కాదు, ఆ బండికి రాసిన ఒత్తిడి మూతే తేవాలి. బండి మొత్తంలో ఇంత చవకైన, ఇంత అశ్రద్ధకు గురైన భాగం ఇంకోటి లేదు.

బోరు నీళ్ళు

మన దగ్గర సగం కథ ఇదే. తాగే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలకు మించకుంటే మంచిదని ప్రభుత్వ ప్రమాణం, వేరే దారి లేకపోతే 2000 దాకా అనుమతి. లీటరుకు 800 ఉన్న బోరు నీళ్ళు రోజుకు అర లీటరు పోస్తూ, అది ఆవిరిగా పోతూ ఉందనుకోండి. ఏడాదికి 182 లీటర్లు. నీళ్ళు పోతాయి, లవణాలు మిగులుతాయి, అవి సుమారు 146 గ్రాములు. అదంతా గట్టిపడకపోయినా, గట్టిపడేది మాత్రం అన్నిటికంటే వేడిగా ఉండే చోటే పడుతుంది. అంటే హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ. ఆ సున్నపు పొర వేడిని పోనివ్వడంలో రాగిలో వందో వంతు కూడా పనికిరాదు. సూది మామూలుగా ఉన్నా హెడ్డు అక్కడక్కడ ఉడుకుతూనే ఉంటుంది.

ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళు బోరు నీళ్ళకంటే మేలు, కానీ డిస్టిల్డ్ వాటర్‌కు సాటి కావు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల డబ్బా పెద్ద ఖర్చేమీ కాదు.

పట్టిన సున్నం తీయడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. పాత నీళ్ళు వదిలేసి, లీటరు నీటికి 25 గ్రాముల లెక్కన కరిగించి పోసి, ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకున్నాక అరగంట తిప్పి, చల్లారాక వదిలేయాలి. ఆ తర్వాత వచ్చే నీళ్ళు తేటగా అయ్యేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి. రాత్రంతా ఉంచొద్దు. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం అసలు పోయొద్దు. అల్యూమినియం హెడ్డును, రేడియేటర్‌ను అది తినేస్తుంది. ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. కొన్ని ముసలి రేడియేటర్లలో బెజ్జాలను పట్టి ఉంచేది ఆ సున్నమే. కడిగాక కొత్త లీకు బయటపడితే అది కడగడం వల్ల పుట్టింది కాదు.

పూడిక మరీ గట్టిదైతే నిమ్మ ఉప్పు చాలదు. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే రిపేరు షాపులో పై తొట్టి టాంకా విప్పి, గొట్టాల్లో సన్నటి పట్టీలు దూర్చి తోడి మళ్ళీ అతుకుతారు. అల్యూమినియం కోరుకు ప్లాస్టిక్ తొట్లు ఉన్న రకానికి ఆ వైద్యం పెద్దగా పనికిరాదు, మార్చుకోవడమే. ప్లాస్టిక్ తొట్టి చీలికకు ఎంసీల్ ఒక ఎండాకాలం కూడా నిలవదు.

పసుపు పొడి, మిరియాల పొడి, లీకు ఆపే డబ్బా మందులు దారిలో ఇంటికి చేరడానికి పనికొస్తాయి. అవి బెజ్జాన్నే కాదు, సన్న గొట్టాలను కూడా పూడుస్తాయి. ఇల్లు చేరగానే వదిలేసి కడగాలి.

‘ఈ ఎండకు వాల్వెందుకులే అన్నా’

థర్మోస్టాట్ పీకేయడం సీమలో దాదాపు ఆచారం అయిపోయింది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇంజిన్ 80, 90 డిగ్రీల మధ్య నడవడానికే తయారైంది. చల్లగా నడిచే డీజిల్ ఇంజిన్ ఎక్కువ డీజిల్ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు కింద ఇంకో బిళ్ళ ఉంటుంది. వేడెక్కాక పైభాగం తెరుచుకుంటూనే ఆ బిళ్ళ పక్కదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి పోతుంది. చల్లబడుతుందని పీకిన బండి ఎండలో ఇంకా కాగుతుంది.

అనుమానం ఉంటే పరీక్షించండి. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. 82 అని రాసి ఉంటే ఆ దగ్గర్లో తెరుచుకోవడం మొదలై, 95 వచ్చేసరికి కనీసం 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. తీసి చల్లారిస్తే పూర్తిగా మూసుకోవాలి. బిగించేటప్పుడు అంచున ఆడే చిన్న సూది బెజ్జం పైకి ఉండాలి, గాలి దానిగుండానే బయటికి పోతుంది.

అప్పుడు గ్యాస్కెట్

పైవన్నీ బాగుండి నీళ్ళు ఇంకా మాయమవుతుంటే ఇక్కడికి రావాలి. చల్లటి ఇంజిన్, మూత తీసి, రేడియేటర్ నిండా నీళ్ళు పోసి స్టార్ట్ చేయండి. మొదట కొన్ని బుడగలు రావడం మామూలే. ఇంజిన్ వేడెక్కకముందే సన్నటి బుడగలు ఆగకుండా వస్తుంటే, రేజ్ చేసినప్పుడు నీళ్ళు ఎగిరి పడుతుంటే సిలిండర్ గాలి నీళ్ళలోకి వస్తోంది. మూత బిగించి స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడినా అదే అర్థం. నీలిరంగు ద్రవంతో చేసే పరీక్ష ఇంకా ఖచ్చితం. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే ఆ ద్రవం పెట్రోల్ బండిలో పసుపు, డీజిల్ బండిలో ఆకుపచ్చ రంగులోకి మారుతుంది.

లారీలు, బస్సుల్లో ఒక మెలిక ఉంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ హెడ్డు కూడా ఇంజిన్ నీళ్ళతోనే చల్లబడే రకమైతే, దాని గ్యాస్కెట్ పోయినా రేడియేటర్‌లో ఇవే బుడగలు వస్తాయి. దాన్ని వదిలి ఇంజిన్ హెడ్డు దించడం దండగ పని.

ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్ళు కలిశాయి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద చూడండి, ఆయిల్ పోసే మూత కింద కొద్ది నురగ ఒక్కటే రుజువు కాదు. రేడియేటర్‌లో నల్లటి జిడ్డు తేలుతుంటే మాత్రం డీజిల్ బండ్లలో ముందు ఆయిల్ కూలర్‌ను అనుమానించాలి. రాత్రి సిలిండర్‌లోకి నీళ్ళు దిగిన బండిని పొద్దున సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. సెల్ఫ్ కొట్టగానే ఠక్కున ఆగి, మళ్ళీ కదలకపోతే పదేపదే కొట్టకుండా ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి నీళ్ళు బయటికి పోనివ్వండి.

హెడ్డు దించారంటే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించి అడుగు చదును చేయించకముందు వంపు కొలవమనండి. నేరు బద్ద పెట్టి, సందు కొలిచే ఫీలర్ గేజీతో చూస్తే చిన్న హెడ్లలో 0.05 మిల్లీమీటర్ దాటి వంపు ఉండకూడదు. పగుళ్ళు కూడా చూడాలి, ముఖ్యంగా రెండు వాల్వుల మధ్య. డీజిల్ గ్యాస్కెట్ల అంచున గాట్లో బెజ్జాలో ఉంటాయి, అవి మందాన్ని చెప్పే గుర్తులు. పాతదానికి ఎన్ని ఉన్నాయో చూసే కొత్తది కొనాలి. బోల్టు గుంతల్లో నూనె, నీళ్ళు నిలిచి ఉంటే బిగించేటప్పుడు బ్లాక్ పగలొచ్చు, గాలి కొట్టి ఆరబెట్టాలి. బిగింపు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితో. ‘చేతికి తెలుసులే’ అనే మెకానిక్‌కు హెడ్డు అప్పజెప్పకండి.

ఘాటు మీద

నంద్యాల నుంచి గిద్దలూరు పోతూ నల్లమల ఎక్కుతుంటే సూది లేచిందనుకోండి. ముందు ఏసీ ఆపండి. హీటర్‌ను తప్పించకుండా ఉంటే పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ వేయండి. ఉక్కపోత భరించాల్సిందే, అది ఇంకో చిన్న రేడియేటర్. పై గేరులో ఇంజిన్‌ను ఈడ్పించకుండా ఒక గేరు దించండి, పంపు, ఫ్యాను వేగంగా తిరుగుతాయి. అయినా దిగకపోతే పక్కకు ఆపండి. ఆవిరి లేకుంటే, నీళ్ళు ఉంటే బానెట్ ఎత్తి కొద్దిసేపు ఇంజిన్ నడవనివ్వొచ్చు. ఆవిరి వస్తుంటే వెంటనే ఆపేయాలి. కనీసం ముప్పావు గంట ఆగాక మూత తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి సన్న ధారగా నీళ్ళు పోయాలి. కాలుతున్న హెడ్డు మీద ఒకేసారి బకెట్ గుమ్మరిస్తే ఇంటికి చేరేది హెడ్డు పగిలిన బండే. దారిలో దొరికినవి బోరు నీళ్ళే అయినా పోయండి, తర్వాత వదిలేయొచ్చు.

మళ్ళీ నింపేటప్పుడు

కింద కుళాయి విప్పినా బ్లాక్‌లో కొన్ని నీళ్ళు మిగులుతాయి. సిస్టమ్ మొత్తం 8 లీటర్లు పట్టేదై, కడిగాక 5 లీటర్లే బయటికి వస్తే లోపల 3 లీటర్ల నీళ్ళున్నాయి. సగం సగం పాళ్ళు కావాలంటే ముందు 4 లీటర్ల చిక్కటి కూలెంట్ పోసి, మిగతా లీటరు డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. ముందే కలిపి అమ్మే కూలెంట్ పోస్తే అది పలచబడిపోతుంది. మనకు గడ్డకట్టే భయం లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్ ఉన్నా సరిపోతుంది, కానీ తుప్పు ఆపే మందు దాంట్లోనే ఉంది కాబట్టి అంతకన్నా తగ్గించొద్దు. రంగు చూసి రకం తెలియదు. పచ్చది, ఎర్రది కలిపితే కొన్నిసార్లు జావలా చిక్కబడుతుంది. లోపల ఉన్నదేదో తెలియకపోతే మొత్తం కడిగి ఒకే రకం పోయాలి. వదిలేసిన కూలెంట్‌ను నేలమీద వదలకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చస్తాయి.

గాలి తీయడం మరవొద్దు. బండి మొహం ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, హీటర్ తెరిచి, మెల్లగా పోస్తూ, గాలి తీసే స్క్రూ ఉంటే దాన్ని నీళ్ళు వచ్చేదాకా వదులు చేసి ఉంచాలి. ఆమ్ని వంటి వ్యాన్లలో ఇంజిన్ సీట్ల కింద, రేడియేటర్ ముందు ఉండి మధ్యలో పొడవాటి పైపులుంటాయి కాబట్టి ఓపిక ఎక్కువ కావాలి. మూత తీసే ఇంజిన్ నడిపి, పైపులు నలుపుతూ, మట్టం దిగినప్పుడల్లా పోస్తూ, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడాలి.

మొదటిసారి వేడెక్కి చల్లారాక హోస్ క్లిప్పులన్నీ ఇంకోసారి బిగించండి. ప్లాస్టిక్ మెడల మీద మాత్రం స్క్రూ డ్రైవర్‌తో బలం చూపొద్దు, మెడ చీలుతుంది. డబ్బా మీద పెన్నుతో గీత గీసి, వారం రోజులు పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద చూడండి. మొదటి ఒకటి రెండు రోజులు కొద్దిగా దిగితే అది మిగిలిన గాలి. మూడో రోజు తర్వాత కూడా దిగుతుంటే అట్టపెట్టె మళ్ళీ పరవాల్సిందే.